చెప్పుల దగ్గర ఆగిన గొంతు

ఇప్పటికి పదకొండోసారి మా అక్క ఆ చెప్పుల దగ్గర చచ్చింది. పల్లవి బాగానే పాడుతుంది, మొదటి చరణం నిద్రలో లేపినా పాడుతుంది, రెండో చరణంలో రెండు పాదాలు దర్జాగా దాటుతుంది. మూడో పాదంలో "నీ చెప్పులింకా" అని, ఆగి, "గుమ్మంలోనే ఉన్నాయి" అనాలి. ఆ ఆగడం దానికి రావడం లేదు. ఆగదని కాదు, ఆగుతుంది, బస్సు స్టాపులో ఆగినట్టు ఆగుతుంది, ఎక్కేవాళ్ళు ఎక్కండి దిగేవాళ్ళు దిగండి అన్నట్టు. రికార్డింగు ఇంజనీరు ప్రతిసారీ మర్యాదగా "ఇంకొక్కసారి చూద్దాం మేడమ్" అంటాడు, పాటకి బాణీ కట్టిన మాస్టారు నుదురు రుద్దుకుంటారు. నేను గాజు అద్దానికి ఇవతల, వాళ్ళ వెనక సోఫాలో, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టుకుని లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు. గోడ గడియారంలో పదకొండూ ఐదు. పన్నెండింటికి ఆవిడగారు కారెక్కాలి, రెండు నెలలపాటు దేశాలు తిరిగి కచేరీలు చెయ్యాలి, ఈలోగా సినిమా విడుదలైపోతుంది. అంటే ఈ యాభై అయిదు నిమిషాల్లో అది చెప్పులు దాటకపోతే పాటలో నా గొంతు ఉండిపోతుంది. మాస్టారే నిన్న తన నోటితో అన్నారు, "రేపు కూడా రాకపోతే మీ ట్రాకే ఉంచేద్దామమ్మా, డైరెక్టరు గారు పట్టుబట్టి కూర్చున్నారు" అని. ఈ పనిలోకొచ్చిన పంతొమ్మిదేళ్ళలో నాతో ఆ మాట ఎవరూ అనలేదు. అందుకే దానికి రాకూడదు. దానికి దగ్గు రావాలి, కరెంటు పోవాలి, గడియారం నడవాలి. నడు, తల్లీ, నడు.

ట్రాక్ అంటే ఏమిటో మా చుట్టాల్లోనే సగంమందికి తెలియదు. పెద్ద గాయని తీరిక చూసుకుని వచ్చేలోపు పాట ఆగకూడదు కదా, అందుకని ముందు నాలాంటిదాన్ని పిలిచి పాడించేస్తారు. దాని మీద వాయిద్యాలు వేసుకుంటారు, దాన్ని పెట్టుకుని నటులు పెదవులు కదుపుతారు, ఆఖర్న పెద్దావిడ వచ్చి నేను పాడింది చెవుల్లో పెట్టుకుని విని, నేర్చుకుని, నా మీద పాడి, నన్ను తీసేస్తుంది. కుట్టుపనివాళ్ళు ఖరీదైన గుడ్డ కత్తిరించే ముందు పాత గుడ్డతో కొలత చూసుకుంటారే, అదీ నేను. నన్నే ఎందుకు పిలుస్తారంటే మా ఇద్దరిదీ ఒకే గొంతు. ఒక కడుపున పుట్టాం, రెండేళ్ళ తేడా, ఫోన్లో మా పిన్ని ఇప్పటికీ పోల్చుకోలేదు. నేను ఎక్కడ ఊపిరి తీస్తే అక్క అక్కడే తీస్తుంది, నేను ఏ అక్షరం మీద వంపు పెడితే తనూ అక్కడే పెడుతుంది, తరవాత పత్రికలవాళ్ళతో "ఆ వంపు నాకు అప్పటికప్పుడు తట్టింది" అంటుంది. తట్టిందట. వెనక నుంచి వెళ్ళి ఒక్కటి తట్టాలనిపిస్తుంది. నాలుగేళ్ళుగా మేం మాట్లాడుకోం. పని మాత్రం ఆగదు, నా ట్రాక్ దాని ఇంటికి వెళుతుంది, అది వచ్చి పాడిపోతుంది, ఒకే గదిలోకి వేర్వేరు రోజుల్లో వస్తాం. ఈ పాటకి మాత్రం, అవసరం పడుతుందేమోనని మాస్టారు నన్నూ రమ్మన్నారు.

పన్నెండోది మొదలైంది. కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే వస్తుందనుకుంటోంది కాబోలు. మాస్టారు మైకులోకి వంగి "కొంచెం ఫీల్ మేడమ్, కొంచెం ఫీల్" అన్నారు. ఈ ఒక్క మాట కనిపెట్టినవాణ్ణి నాకు చూపిస్తే బాగుండును. ఫీలంటే ఏంటండీ మాస్టారూ, ఏ డబ్బాలో ఉంటుంది, ఎన్ని చెంచాలు వెయ్యమంటారు? నాకు తెలిసింది ఇంతే, తాళం కన్నా ఓ వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తే జనం దిగులనుకుంటారు, ముందొస్తే సరదా అనుకుంటారు, హల్లు కాస్త మెత్తగా పలికితే ప్రేమ, గొంతు చివర్న ఊపిరి కలిస్తే కన్నీళ్ళు. అమావాస్య నాడు పాడినా, అజీర్తితో పాడినా వాళ్ళకి ఒకటే. ఒక జోలపాటకి ట్రాక్ పాడుతూ పాల కింద స్టవ్ కట్టేశానా లేదా అని మూడు నిమిషాలూ కొట్టుకు చచ్చాను, ఆ కంగారు, ఆ ఆత్రం అక్క మక్కీకి మక్కీ దించేసింది, ఆ పాట విని తల్లులు బావురుమన్నారని ఉత్తరాలు. ఆమధ్య పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. ఆ పళ్ళ డాక్టరు రెండు చేతులూ నా నోట్లో పెట్టి, పక్కన సన్నగా అక్క పాట పెట్టుకుని, ఉన్నట్టుండి ఆగిపోయాడు. "సారీ అండీ, ఈ చోటు వచ్చినప్పుడల్లా మా ఆవిడ గుర్తొస్తుంది, పోయి మూడేళ్ళయింది, సరిగ్గా ఇక్కడే, ఈ గమకం దగ్గర" అని మాస్కు మీంచి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గమకం నాది. ఆ రోజు గొంతులో కఫం అడ్డం పడితే తప్పించుకోవడానికి అలా తిప్పాను. చెబుదామంటే నోటినిండా దూది. ఆయన నన్ను చూసి, నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయని, "మీకూ ఎవరో పోయినట్టున్నారు" అన్నాడు. పన్నయ్యా బాబూ, పన్ను పోతోంది అనలేకపోయాను. అప్పటినుంచి వినేవాళ్ళంటే నాకు నమ్మకం పోయింది. వాళ్ళ ఏడుపు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఎప్పుడు దొరుకుతుందా సందు అని చూస్తుంటారు, ఎవరి గొంతులో చిన్న పగులు కనబడినా అందులోంచి దూరి బయటికొచ్చేస్తారు. పాడేవాళ్ళు ఏమనుకున్నారన్నది ఎవడికీ అక్కర్లేదు.

కానీ చిన్నప్పుడు నమ్మాను, అబద్ధమెందుకు. అమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మేమిద్దరం లోపలి గదిలో సాధన చేసేవాళ్ళం, మధ్యన తలుపు ఓరగా వేసి ఉండేది. అమ్మకి సంగీతం రాదు, సరిగమలు కూడా తెలియవు, కానీ ఏదన్నా పాట లోపలికి దిగితే ఆవిడ కాళ్ళు ఆగిపోయేవి, మిషను చప్పుడు ఆగిపోయేది. ఎవరు పాడుతుంటే మిషను ఆగుతుందా అని మా ఇద్దరికీ పందెం. అక్క పాడేటప్పుడు ఆగిందంటే ఆ రోజంతా నాకు అన్నం సయించేది కాదు. నా వంతులో ఆగితే అక్క జడ పట్టి లాగేది, "దారం తెగిందిలే, అందుకాగింది, నీ మొహం" అనేది. ఆ మాట ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే తరవాత ఎప్పుడు మిషను ఆగినా దారమే అనుకున్నాను. లేచి వెళ్ళి "అమ్మా, నా పాటకి ఆపావా, దారం తెగి ఆపావా" అని అడగొచ్చు కదా. అడగలేదు. తరవాత అమ్మ మంచాన పడ్డ మూడేళ్ళలో, అన్నం తినిపిస్తూ, పక్క మారుస్తూ, వీపు తుడుస్తూ, అడగడానికి వెయ్యి రోజులు దొరికాయి. అప్పుడూ అడగలేదు. అక్క నెలకోసారి వచ్చి, పళ్ళు తెచ్చి, పావుగంట చెయ్యి పట్టుకు కూర్చుని వెళ్ళేది, అది వెళ్ళాక అమ్మ మొహం కాసేపు వెలిగి ఉండేది. నాకు ఒళ్ళు మండేది. రోజూ దీపం పెట్టేదాని మీద వెలుగెప్పుడూ పడదు.

అమ్మ పోయిన తరవాత సంతాపసభకి అందర్నీ పిలిచి కూర్చోబెట్టిన రోజున అక్క పాడింది. ఎవరూ అడగలేదు, లేచి నిలబడి అమ్మకి ఇష్టమైన పాట పాడింది. రెండు నిమిషాల్లో హాలు మొత్తం రుమాళ్ళు తీసింది. బాబాయి ఏడ్చాడు, ఎదురింటివాళ్ళు ఏడ్చారు, అమ్మని ఒక్కసారి కూడా చూడని కుర్చీలవాడు ఏడ్చాడు. నేను వెనక నిలబడి ఖాళీ గ్లాసులు ఏరుతున్నాను. నాకు రాలేదు. మూడేళ్ళు నా చేతుల్లో ఉన్న మనిషిని అది రెండు నిమిషాల్లో పట్టుకుపోయిందనిపించింది, ఇంతమంది ముందు, పగటిపూట. పిన్ని నా పక్కకొచ్చి "ఏం మనిషివే నువ్వు, రాయిలా నిలబడ్డావు, దాన్ని చూడు ఎలా కుమిలిపోతోందో" అంది. అక్క కుమలడం లేదు. అక్క రెండో పాదంలో శ్రుతి సరిచూసుకుంటోంది, ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే వినబడింది. ఆ సాయంత్రం గ్లాసులు కడుగుతూ ఆ మాట దానితో అనేశాను, "ఏడవడం కూడా శ్రుతిలోనే ఏడుస్తావే" అని. అంతే, అక్కడితో మాటలు తెగాయి.

పద్నాలుగు. పదకొండూ ఇరవై. గాజుకవతల అక్క నీళ్ళు తాగింది, పమిట సర్దుకుంది, నా వైపు చూడలేదు. నిజానికి అది వెతుకుతున్నది నా తప్పు, ఆ సంగతి దానికి తెలియదు. పదకొండు రోజుల క్రితం నేను ఆ మైకు ముందే నిలబడ్డాను. తల్లి పోయాక కూతురు ఇంటికి తిరిగొచ్చి తలుపు తీసే ఘట్టం, నాకేం పట్టలేదు, పాటలో చెప్పులేంటి, ఈ కవికి ఇంకేం దొరకలేదా అనుకుంటూ పాడుతున్నాను. ఇంజనీరు మధ్యలో ఏదో చెప్పి టాక్‌బ్యాక్ బొత్తాం వదలడం మరిచిపోయాడు. అది నొక్కి ఉన్నంతసేపూ ఆ గదిలో మాటలన్నీ నా చెవుల్లోకే వస్తాయి, రికార్డులోకి మాత్రం ఎక్కవు. మాస్టారు స్పీకరు ఫోన్లో అక్కతో మాట్లాడుతున్నారు. "మీ చెల్లెలు గారే మేడమ్, పాడుతున్నారు" అన్నారు. నేను రెండో పాదంలో ఉన్నాను. అక్క నవ్వింది. "దానికి గొంతుంది గానీ ప్రాణం లేదు మాస్టారూ, మా అమ్మ కూడా అదే అనేది" అంది. అప్పుడే నేను "నీ చెప్పులింకా" అన్నాను. గొంతు పట్టేసింది.  ఆపి హెడ్‌ఫోన్స్ నేలకేసి కొడదామనుకున్నాను, అవి మనవి కావని గుర్తొచ్చింది, సంగీతం మనకోసం ఆగదు, తాళం వెళ్ళిపోతోంది, అర మాత్ర ఆలస్యంగా, శ్రుతికి చీమంత కిందగా, పళ్ళ మధ్య నుంచి "గుమ్మంలోనే ఉన్నాయి" అన్నాను. దిగులు కాదు, దుఃఖం కాదు, అమ్మా కాదు. వెళ్ళి దాని పీక పిసకాలన్న కోపం. మాస్టారు ఫోన్లోనే ఉన్నారు, ఎవరూ వినలేదు, ట్రాకే కదా అని వదిలేశారు. సాయంత్రం డైరెక్టరు విని మళ్ళీ పెట్టమన్నాడట, మళ్ళీ పెట్టమన్నాడట, మొహం గోడకి తిప్పుకుని ఏడ్చాడట. ఆ ఆలస్యాన్ని పట్టుకుని సీను కత్తిరించుకున్నాడు, ఆ అర మాత్రలో నటి కళ్ళెత్తి గుమ్మం వైపు చూస్తుంది. ఇప్పుడు ఆ ఖాళీ తీస్తే సీను లేదు, ఖాళీ ఉంచితే అక్క లేదు. మూడ్రోజులుగా ఇదీ గొడవ.

అమ్మ అన్నదంటే అనే ఉంటుంది. నెలకోసారి ఆ పావుగంటలో అనే ఉంటుంది. నా చేత్తో పెట్టిన అన్నం అరక్కుండానే అనే ఉంటుంది. నాతో మాత్రం ఒక్కమాట అనలేదు, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు, మంచం మీద పడుకుని పాడమనేది, పాడితే కళ్ళు మూసుకునేది, నిద్రపోయిందనుకుని లేచి వెళ్ళేదాన్ని. సరే, ప్రాణం లేదు. లేనిదాని గొంతుకి ఊళ్ళోవాళ్ళందరూ ఏడుస్తుంటే ఉన్నది ఇక్కడ పద్నాలుగుసార్లు తలకిందులవుతోంది, చూసుకో అమ్మా, కళ్ళు తెరిచి చూసుకో. ఇంకో నలభై నిమిషాలు.

"ఏమే, ఇలా రా."

స్పీకర్లలోంచి అక్క గొంతు. మాస్టారు, ఇంజనీరు ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. "వెళ్ళండమ్మా, కాస్త చూపించండి" అన్నారు మాస్టారు, అక్కడికి వంటింట్లో ఉప్పు డబ్బా చూపించమన్నట్టు. లేచాను. రెండు తలుపులు, ఒకటి మూసుకున్నాక ఒకటి తెరుచుకుంటుంది. లోపల చప్పుడు లేదు, మన రక్తం మనకి వినబడుతుంది. అక్క దగ్గరగా చూస్తే పెద్దదైపోయింది. చెవుల పక్క రంగు దిగిపోయి తెల్లవెంట్రుకలు, బుగ్గన లవంగం. మైకు కట్టేసింది.

"అక్కడ ఏం చేశావే?" అంది.

"ఏం చెయ్యలేదు."

"చెయ్యకుండా అలా రాదు. వందసార్లు విన్నాను. ఊపిరి పట్టావా, వదిలావా? శ్రుతి జారింది, కావాలని జార్చావా?"

పనిమంతురాలు పనిమంతురాలిని అడిగినట్టు అడిగింది, ఒక క్షణం నాకు గర్వంగా కూడా ఉంది, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అది ఏదో నా దగ్గర లేదని కాక ఉందని అడుగుతోంది. చెప్పకపోతే సరిపోయె. గొంతు సవరించుకునేటప్పుడు అలా పడిపోయిందక్కా అంటే సరిపోయె. లేకపోతే నిండా ఊపిరి తీసుకుని పాడు అని చెబితే అది ఇంకా పాడైపోయేది, పన్నెండయ్యేది, నేను బతికేదాన్ని. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడది తల పక్కకి వంచి, ఆ హాల్లో పెట్టిన మొహమే పెట్టి, మెల్లిగా "అమ్మని తలుచుకున్నావా?" అంది.

"నిన్ను" అన్నాను. "నిన్ను తలుచుకున్నాను. ఆ రోజు బొత్తాం నొక్కే ఉంది, నువ్వు ఫోన్లో కూసిన కూతంతా నా చెవిలో పడింది. గొంతుంది గానీ ప్రాణం లేదు, అమ్మ కూడా అదే అనేది, అన్నావుగా? సరిగ్గా చెప్పుల దగ్గర వినబడింది. నిన్ను చంపెయ్యాలనిపించింది. గొంతు పడిపోయింది. అదీ నేను చేసింది. చేతనైతే నువ్వూ చెయ్యి."

కడుపు చల్లబడుతుందనుకున్నాను. అక్క మొహం పాలిపోవాలి, కూలబడాలి, కారు అక్కర్లేదనాలి. అది బుగ్గన లవంగం తీసి కాగితంలో చుట్టింది. ఆ పొట్లాన్ని మళ్ళీ మడతలు పెట్టింది. తరవాత నన్ను చూడకుండా అంది, "ఆ మాట అమ్మ అన్నది నా గురించే. నీ గురించి కాదు. ఆఖరుసారి వచ్చినప్పుడు నా మొహం మీదే అంది." హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "ఇంక వెళ్ళు. టైమైపోతోంది."

సోఫా దాకా ఎలా వచ్చానో తెలియదు. నిజమా? ఆ పావుగంటలో, ఆ పళ్ళ సంచీ పక్కన, అమ్మ దానితో ఆ మాటందా? మరి ఆ మొహంలో వెలుగేంటి? నా నోరు మూయించి పాట లాక్కోవడానికి అప్పటికప్పుడు అల్లిందా? అల్లగలదు. చిన్నప్పుడు దారం తెగిందన్నది ఇదే నోరు. సంగీతం మొదలైంది. మొదటి పాదం. రెండో పాదం. నేను దాని గొంతులో అతుకులు వెతుకుతున్నాను, ఎక్కడ పట్టి పెట్టిందో, ఎక్కడ జార్చిందో, నాకు తెలియని అతుకు ఆ గొంతులో లేదు. "నీ చెప్పులింకా" అంది. ఆగింది. అది ఆగలేదు, ఆగిపోయింది.  ఆలస్యంగా, నాకన్నా ఆలస్యంగా, గీరుకుపోయిన గొంతుతో, "గుమ్మంలోనే ఉన్నాయి" అంది, నా కోపం లాంటిదే అందులో ఉంది, కానీ అది నా మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు, నాకు అంతుపట్టలేదు. మాస్టారు కళ్ళజోడు తీసేశారు. ఇంజనీరు చెయ్యి గాలిలో ఉండిపోయింది. నా బ్యాగు మీద నీళ్ళు పడుతున్నాయి, చూస్తే నావే. అమ్మ పోయిన రోజున రానివి, హాల్లో రానివి, నాలుగేళ్ళుగా రానివి, సిగ్గులేకుండా ఇప్పుడు, దీని పాటకి, అందరిలాగే. ఆ మాట నిజమో అబద్ధమో పాటని బట్టి చెప్పలేకపోయాను. పళ్ళ డాక్టరు లాగే ఏడుస్తున్నాను, నాకు తెలుసు, తెలిసీ ఏడుస్తున్నాను. అంతకన్నా అవమానం నాకెప్పుడూ జరగలేదు.

పాటైపోయింది. మాస్టారు కళ్ళు ఒత్తుకుంటూ నా వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా, వచ్చినట్టేనా? మీరు రాలేదంటే డైరెక్టరు గారికి అదే మాట చెప్పేస్తాను, మీదే ఉంచుతాం" అన్నారు. పదకొండూ నలభై. రాలేదు అంటే చాలు. ఒక్క మాట. గాజుకవతల అక్క చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. లేచి వెళ్ళి మైకులోకి వంగాను.

"అక్కా, అమ్మ నిజంగా నీ గురించే అందా?"

"ముందు పాట ఎలా ఉందో చెప్పు" అంది.

"బాగుంది" అన్నాను.

అది తలూపింది. హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించి, బ్యాగు భుజాన వేసుకుని, అటువైపు తలుపు తీసుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయింది.